కామా తప్పని స్నేహితురాలు

మా బ్లాజ్ ఊళ్లో వెతూరియా పాష్కా గారి పెన్సిలు తగలని కాగితం అరుదు. మెట్ల దగ్గర అంటించే నోటీసు, బేకరీ అద్దం మీద ధరల పట్టీ, చివరికి ఆస్పత్రివాళ్లిచ్చిన రక్తపరీక్ష కాగితం, ఏదైనా సరే ఆవిడ నిలబడి చదివి, చేతిసంచిలోంచి పెన్సిలు ముక్క తీసి, తప్పు దిద్దిగానీ కదిలేది కాదు. మా భవనం పనులు చూసే గ్లిగోర్‌కి ఇదొక తలనొప్పి.

"మంగళవారం మూడో అంతస్తుకి నీళ్లు రావని రాశానండీ. అర్థమైందా లేదా?" అని ఒకరోజు మెట్ల మీదే నిలదీశాడు.

"అర్థమైంది గ్లిగోర్. కాకపోతే నువ్వు కామా పెట్టిన చోటుని బట్టి మంగళవారం రానిది నీళ్లు కాదు, మూడో అంతస్తు వాళ్లు."

"రిటైరైన వాళ్లు హాయిగా పావురాలకి గింజలు వేసుకుంటారు. మీరూ అదేదో చెయ్యకూడదూ?"

"పావురాలు తప్పులు రాయవు కదయ్యా. వాటితో నాకేం పని?"

నేను ఆ భవనంలోనే రెండో అంతస్తులో ఉంటాను. పేరు లివియు. ఊళ్లో బడిపిల్లలకి కంప్యూటర్లు నేర్పే మాస్టారిని. ఆవిడ గురించి రాయాలనుకోవడానికి కారణం నా పొరుగింటావిడ కావడం ఒక్కటే కాదు. ఇరవై రెండేళ్ల నా ఉద్యోగంలో నాకు పాఠం చెప్పినవాళ్లలో ఆవిడ ఒకరు. ఆ పాఠం నేను చెప్పాల్సిన సబ్జెక్టులోదే.

వెతూరియా గారు తర్నావా నది ఎగువన ఒక పల్లెలో బండ్లు బాగుచేసే వాడి కూతురు. పంతొమ్మిదో ఏట ఆల్బా యూలియాలో జిల్లా దినపత్రికలో ప్రూఫులు దిద్దే పనికి కుదిరింది. ముప్పై ఎనిమిదేళ్లు ఆ కుర్చీలోనే ఉంది. ఆ రోజుల్లో దేశాన్నేలే పెద్దమనిషి బిరుదులో ఒక్క అక్షరం జారితే ఉద్యోగంతో పోయేది కాదు. 1976లో ఒక మధ్యాహ్నం ఆ అక్షరమే జారింది. అది లేకపోవడంతో గౌరవమైన మాట కాస్తా బూతుమాటైంది. అప్పటికే యంత్రం తిరుగుతోంది. ఆవిడ ఎవర్నీ అడక్కుండా పరుగెత్తుకెళ్లి తనే మీట లాగి ఆపేసింది. అచ్చయిన నలభై కాగితాల్నీ పొయ్యిలో పెట్టించింది. ఆ పెద్దమనిషి పాలన పోయేదాకా, పద్నాలుగేళ్లు, ఆ మాట బయటికి రానివ్వలేదు. అక్షరం జారవిడిచిన కంపోజిటర్ అవ్రామ్‌నే మరుసటి ఏడాది పెళ్లి చేసుకుంది.

"తప్పులన్నీ ముందే తెలిసిన సంబంధం. అంతకన్నా ఏం కావాలి?" అనేది నవ్వుతూ. అవ్రామ్ గారు పోయి ఇప్పటికి పన్నెండేళ్లు.

ఆవిడ జీవితంలో మరో పెద్ద కుదుపు 1993లో వచ్చింది. బయటివాళ్లకి అది కుదుపులాగా కనిపించదు. ఆ ఏడాది మా భాష రాసే పద్ధతి మార్చారు. అప్పటిదాకా 'ఉన్నాను' అనే మాటని 'సింత్' అని రాసేవాళ్లం, ఇక మీదట 'సుంత్' అని రాయాలన్నారు. ఇంకా అలాంటివి కొన్ని మారాయి. నలభై ఏళ్లు దాటిన మనిషికి, రోజుకి వందలసార్లు కళ్ల ముందు తిరిగే మాట ఇప్పుడు తప్పయి కూర్చుంది. ఆఫీసులో కుర్రవాళ్లు వారంలో అలవాటు పడ్డారు. ఈవిడ మాత్రం ఇంట్లో కూర్చుని బడిపిల్లలాగా ఆ కొత్త మాటని నోట్‌బుక్కు నిండా రాసుకుంది. అయినా ఒంట్లో నలతగా ఉన్నా, మనసు బాగోలేకపోయినా చెయ్యి పాతదారే పట్టేదట.

"బుర్ర కొత్తది నేర్చుకుంటుంది మాస్టారూ, చెయ్యి మాత్రం తను పెరిగిన ఊరు మరిచిపోదు" అని నాతో ఒకసారి అంది.

ఇక నా సంగతి. బళ్లో ఇంటర్నెట్ నా చేతుల మీదుగానే నడుస్తుంది. పిల్లలు చూడకూడనివి తెరుచుకోకుండా జల్లెడ పెట్టాను. ప్రతి తరగతి గోడ మీదా 'ముక్కూమొహం తెలియని వాళ్లతో మాట్లాడొద్దు' అని రంగుల కాగితం అంటించాను. తల్లిదండ్రులందరి చేతా సంతకాలు పెట్టించాను. నా జల్లెడలోంచి చీమ కూడా దూరదని మురిసిపోతూ ఉండేవాణ్ణి.

వెతూరియా గారి కూతురు సాంజియానా ఆస్పత్రిలో నర్సు. డ్యూటీలు ఒక వేళకి ఉండవు. అందుకని ఆమె కూతురు ఇలింకా బడి అవగానే అమ్మమ్మ ఇంటికి వచ్చేస్తుంది. అప్పుడు ఆ పిల్లకి పన్నెండేళ్లు, నా దగ్గర ఆరో తరగతి. అమ్మమ్మకీ మనవరాలికీ రోజూ ఒకటే గొడవ. ఇలింకా ఫోన్‌లో స్నేహితులు రాసే ముక్కలు చూసి అమ్మమ్మ తల పట్టుకునేది.

"ఇవి మాటలా, దగ్గులా? కామా లేదు, చుక్క లేదు, అక్షరాల నెత్తిన పెట్టాల్సిన గుర్తులు లేవు!"

"అందరూ ఇలాగే రాస్తారు అమ్మమ్మా. గుర్తులు పెట్టుకుంటూ కూర్చుంటే అవతలివాళ్లు నిద్రపోతారు."

ఆ తర్వాత జరిగింది ఇద్దరూ వేర్వేరుగా నాతో చెప్పారు. రెండూ కలిపి రాస్తున్నాను.

నవంబరులో ఒక సాయంత్రం. వెతూరియా గారు వంటింట్లో కాబేజీ ఆకుల్లో మాంసం ముద్దలు చుడుతోంది. ఇలింకా వచ్చి ఫోన్ బల్ల మీద పెట్టి నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది.

"ఇదిగో, దీంట్లో తప్పు పట్టు చూద్దాం! నా ఫ్రెండ్ బియాంకా రాసింది. ఫోన్‌లో ఆడే గుర్రాల ఆటలో పరిచయమైంది. నాకన్నా ఒక్క ఏడాది పెద్ద. కొన్‌స్టాన్త్సాలో ఉంటుంది, సముద్రం పక్కనే. ఒక్క తప్పు పట్టినా వారం రోజులు గిన్నెలు నేనే తోముతా."

వెతూరియా గారు చేతులు కడుక్కుని, అద్దాలు పెట్టుకుని కూర్చుంది. చదివింది. నిజమే, కామాలు ఉండాల్సిన చోట ఉన్నాయి. అక్షరాల నెత్తిన గుర్తులన్నీ ఉన్నాయి. ఆవిడ ముఖం వికసించింది. ఈ రోజుల్లో కూడా ఇలాంటి పిల్ల ఉందా అనుకుంది. మూడో వాక్యం దగ్గర కన్ను ఆగింది.

'నేను ఒంటరిగా ఉన్నాను' అని రాసి ఉంది. 'సింత్' అని, పాత పద్ధతిలో.

కిందికి జరిపింది. 'నాకు ఒక్క స్నేహితురాలూ లేదు' అని ఇంకోచోట. 'ఒక్కటీ' అనే అర్థమిచ్చే ఆ మాటని మా చిన్నతనంలో రెండు ముక్కలుగా రాసేవాళ్లం. 2005 నుంచీ కలిపి ఒకే మాటగా రాయాలి. ఇక్కడ రెండు ముక్కలుగానే ఉంది. పదమూడేళ్ల పిల్ల పుట్టకముందే మారిపోయిన పద్ధతులివి. బడిలో ఆ పిల్లకి ఇలా నేర్పే టీచరు దేశంలో ఎక్కడా ఉండదు.

ఇంకొంచెం కిందికి వెళితే, వాళ్ల నానమ్మ ప్లమ్ పళ్లతో జామ్ చేసిందని ఉంది. ప్లమ్ పళ్లకి అక్కడ వాడిన మాట 'పెర్జె'. ఆ మాట ఉత్తరాన మొల్దోవా వైపు వాళ్లదే. సముద్రం పక్కన ఎవరూ అనరు.

"ఆ నిమిషంలో మీకేమనిపించింది?" అని తర్వాత అడిగాను.

"యంత్రం తిరుగుతోందని అనిపించింది" అంది.

కానీ ఈసారి ఆవిడ పరుగెత్తలేదు, ఫోన్ లాక్కోలేదు. అద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"గిన్నెలు ఇవాళ నేనే తోముతాలే. చాలా బాగా రాసింది. ఇంతకీ ఈ బియాంకా గొంతు ఎప్పుడైనా విన్నావా?"

"లేదు. వాళ్ల ఫోన్‌లో మైకు పాడైంది."

"పాపం. మరి నిన్నేమన్నా అడుగుతుందా?"

ఇలింకా చూపు కిందికి దిగింది. "ఏం అడగదు. మామూలే."

వెతూరియా గారు మళ్లీ కాబేజీ ఆకు చేతిలోకి తీసుకుని చుట్టడం మొదలుపెట్టింది. పిల్ల కూడా ఒక ఆకు తీసుకుంది. ఇద్దరూ కలిసి నాలుగైదు ముద్దలు చుట్టారు.

"ఇలింకా, నేను ప్రూఫులు దిద్దేటప్పుడు రాసినవాణ్ణి ఎప్పుడూ తిట్టలేదు. ఎందుకో తెలుసా? తిడితే మర్నాటి నుంచీ వాడు కాగితం నాకు చూపించకుండా నేరుగా యంత్రం మీదికి పంపేస్తాడు. నువ్వేం పంపినా, ఏం చెప్పినా నిన్ను తిట్టను. మీ అమ్మ తిట్టబోయినా అడ్డం నేనుంటాను. ఇది నా మాట."

ఆకు చేతిలోనే ఉంచుకుని పిల్ల ఏడ్చేసింది. అప్పుడు ఒక్కొక్కటే బయటికి వచ్చింది. బియాంకా రెండు ఫోటోలు అడిగితే పంపింది. ఒకటి ముఖం, ఒకటి మా భవనం గుమ్మం ముందు. సాంజియానా డ్యూటీ ఏయే రోజులో అడిగితే చెప్పింది. ఇప్పుడు గది తలుపేసుకుని, ఎవరికీ చూపించని ఫోటో ఒకటి పంపమంటోంది, అలా పంపితేనే అసలైన స్నేహం అంటోంది. లేకపోతే మొదటి రెండూ బడిలో అందరికీ పంపుతానంటోంది. శనివారం దాకా గడువు. ఆ రోజు బుధవారం.

"తప్పు పట్టమని నీకు చూపించలేదు అమ్మమ్మా" అంది వెక్కుతూ. "నువ్వు చూడాలని చూపించాను. ఎలా చెప్పాలో తెలీక."

ఇది నాతో చెప్పేటప్పుడు వెతూరియా గారు ఒక మాట అంది. "చూశారా మాస్టారూ, పన్నెండేళ్ల పిల్ల ఎంత తెలివిగా దారి వెతుక్కుందో. నా దగ్గరికి తప్పులతోనే రావాలని దానికి తెలుసు."

ఆ సాయంత్రమే సాంజియానాకి చెప్పారు. ఆమె తిట్టలేదు. కూతుర్ని పట్టుకుని కూర్చుంది. మర్నాడు పొద్దున మొదటి గంట కొట్టకముందే ముగ్గురూ నా గదిలో ఉన్నారు.

నిజం ఒప్పుకోవాలి, మొదట నేను నమ్మలేదు. "వెతూరియా గారూ, పిల్లలు ఏవేవో రాస్తారండీ. అక్షరం అటూ ఇటూ అవుతుంది. ఫోనే దిద్దేస్తుంది ఒక్కోసారి" అన్నాను.

"దిద్దితే కొత్త పద్ధతిలోకి దిద్దుతుంది కదా మాస్టారూ. పాత పద్ధతిలోకి దిద్దే ఫోన్ ఎక్కడ అమ్ముతున్నారో చెప్పండి, నేనూ కొనుక్కుంటా."

నా వెనక గోడ మీద ముక్కూమొహం తెలియని వాళ్లతో మాట్లాడొద్దని రంగుల కాగితం ఉంది. బియాంకాకి పేరుంది, ఊరుంది, నానమ్మ ఉంది, గుర్రం బొమ్మ ఉంది. ఇలింకా లెక్కలో ఆమె ముక్కూమొహం తెలియని మనిషి ఎలా అవుతుంది? పైగా ఆ ఆట బడి కంప్యూటర్లలో నేను ఎప్పుడో మూసేశాను. ఇంట్లో ఫోన్‌కి నా జల్లెడ ఎక్కడిది?

అందరం కలిసి పోలీసుల దగ్గరికి వెళ్లాం. ఆల్బా యూలియా నుంచి స్మరాండా తౌత్ అనే ఇన్‌స్పెక్టర్ వచ్చింది. ముప్పై ఐదేళ్లుంటాయేమో. ఏమీ చెరపొద్దు, ఇక ఏ జవాబూ ఇవ్వొద్దు, ఫోన్ మాకివ్వండి అంది. ఇలింకాతో వేరే గదిలో తల్లి పక్కనుండగా మెల్లగా మాట్లాడింది. సంభాషణ మొత్తం అచ్చు తీస్తే నలభై ఒక్క పేజీలు వచ్చాయి.

"నాకో ప్రతి ఇస్తారా?" అని అడిగింది వెతూరియా గారు.

"బయటికి ఇవ్వకూడదండీ."

"బయటికి ఎవరు తీసుకెళ్తారమ్మా? ఆ మూలన బల్ల చూపించు చాలు."

స్మరాండా ఒక్క క్షణం ఆలోచించి బల్ల చూపించింది. రెండు రోజులు ఆవిడ పొద్దున వెళ్లి సాయంత్రం దాకా ఆ బల్ల దగ్గర కూర్చుంది. ఒక్కో పేజీ అంచున తన ఉద్యోగపు గుర్తులు పెట్టుకుంటూ వెళ్లింది. చివర మూడు పేజీలు చేత్తో రాసి ఇచ్చింది. ఇలింకా పట్టుబట్టి ఆ కాగితాల నకలు నాకు చూపించింది. రాసినవాడు 1993 నాటికి బడి చదువు పూర్తి చేసినవాడు, అంటే నలభై ఐదు దాటినవాడు. ఉత్తర మొల్దోవాలో పెరిగినవాడు. 'ఇందుమూలంగా తెలియజేయడమేమనగా' వంటి ఆఫీసు వాసన ఉన్న మాటలు మూడుచోట్ల జారాయి కాబట్టి ఏళ్ల తరబడి దరఖాస్తులు, ఉత్తరాలు రాసినవాడు. బహుశా టీచరు. ఇంకొకటి, వాక్యాలు ఒకే అచ్చులో పోసినట్టున్నాయి కాబట్టి ఇవే మాటలు ఇంకా చాలామంది పిల్లలకి రాస్తూ ఉండాలి.

శనివారం వచ్చింది, వెళ్లింది. బడిలో ఎవరికీ ఏ ఫోటో రాలేదు.

ఫిబ్రవరిలో స్మరాండా స్వయంగా మా భవనానికి వచ్చింది. వెతూరియా గారింట్లో కాఫీ తాగుతూ చెప్పింది. ఉత్తరాన ఒక చిన్న ఊళ్లో యాభై మూడేళ్ల మనిషిని పట్టుకున్నారు. నలుగురు ఆడపిల్లల పేర్లతో పదకొండు మంది పిల్లలకి రాస్తున్నాడు. ఇలింకా ఫోన్ ఆధారంతో మిగతా పది మందినీ వెతికి, వాళ్ల ఇళ్లకి వెళ్లి కలిశారు.

"మా సాంకేతిక నిపుణులు వేరే దారిలో అక్కడికే చేరుతున్నారమ్మా. మీ మూడు పేజీలు ఏ జిల్లాలో వెతకాలో ముందే చెప్పాయి. మా పై అధికారి మీ కాగితాలు పట్టుకుని ఆఫీసంతా తిరిగాడు" అంది.

"టీచరేనా?" అని అడిగింది వెతూరియా గారు.

"కాదండీ. గిడ్డంగి ఆఫీసులో గుమస్తా."

ఆవిడ ముఖం చిన్నబోయింది. అప్పటికి నేనూ అక్కడే ఉన్నాను. నా వైపు తిరిగింది. "తొందరపడి రాశాను మాస్టారూ. మీ వృత్తికి క్షమాపణ చెప్పుకోవాలి." అంత మంచి వార్త విన్న రోజు కూడా ఆ ఒక్క తప్పు గురించి రెండు రోజులు బాధపడింది.

మార్చిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టాం. పేరు చెప్పకుండా విషయం చెబుదామని నేననుకున్నాను. ఇలింకానే తల్లితో వచ్చి, "నా పేరు చెప్పండి సార్. తప్పు చేసింది నేను కాదు కదా" అంది. హాలు నిండింది. వెనక వరసలో ఒక తండ్రి లేచి, "ఇదంతా ఎందుకు? అందరి ఫోన్లూ లాక్కుంటే సరిపోతుంది!" అన్నాడు.

వెతూరియా గారు కూర్చున్న చోటే ఉండి అడిగింది. "మీ పేరేంటి బాబూ?"

"సెప్తిమియు."

"చిన్నప్పుడు మీ నాన్నగారికి చూపించకుండా దాచిన వస్తువు ఏదైనా ఉందా?"

హాలంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. "ఉందండీ. సిగరెట్లు."

"ఎందుకు దాచావు?"

"లాక్కుంటాడని."

"అంతే నాయనా. పిల్లలు ఫోన్ దాచుకునే ఇంట్లో మన కంటికి ఫోన్ కనిపించదంతే, ప్రమాదం మాత్రం అక్కడే ఉంటుంది. చూపించినవాళ్లకి చూపించినందుకు శిక్ష వెయ్యకండి. మిగతాది మాస్టారు చెబుతారు."

మిగతాది చెప్పాను గానీ ఆ రోజు ఎవరికీ నా మాటలు గుర్తుండవని నాకు తెలుసు. గోడల మీది రంగుల కాగితాలు నేనే పీకేశాను. వాటి స్థానంలో ఇలింకా తరగతివాళ్లు తమ మాటల్లో రాసుకున్నది పెట్టాం. 'ఎవరికీ చెప్పొద్దు అని ఎవరైనా అంటే, ఆ మాటనే ముందు ఎవరికైనా చెప్పు.' వెతూరియా గారు దాంట్లో ఒక కామా చేర్చింది.

అప్పటినుంచీ ప్రతి గురువారం ఆఖరి గంటలో ఆవిడ మా బడి గ్రంథాలయంలో కూర్చుంటుంది. పిల్లలు తమకి వచ్చిన సందేశాలు తెచ్చి చూపిస్తారు. బహుమతి వచ్చిందని, ఖాతా మూసేస్తామని, నేను మీ క్లాసు పిల్లనేనని, ఇలాంటివే ఎక్కువ. ఎక్కడ చూడాలో, ఏం అడగాలో ఆవిడ చెబుతుంది. ఇప్పుడు పిల్లలు ఆవిడకన్నా ముందే పట్టేస్తున్నారు. "మామ్మా, ఇది బ్యాంకు కాదు! ఏ బ్యాంకూ 'ప్రియమైన' దగ్గరే తప్పు రాయదు!" అని ఒక ఐదో తరగతి పిల్ల అరిచినప్పుడు ఆవిడ ముఖం చూడాల్సింది. బళ్లో ఇప్పుడు కామాలు కూడా ఎక్కువ పడుతున్నాయని మా భాషా టీచరు అంటోంది.

కిందటి వసంతంలో ఒటీలియా అనే ఆమె తన కొడుకు తుదోర్ ఫోన్ పట్టుకుని ఆ గ్రంథాలయానికి వచ్చింది. వెనకే ఎర్రబడ్డ ముఖంతో ఆ కుర్రాడు. రారెష్ అనేవాడెవడో సీబియు నుంచి రోజూ గంటల తరబడి రాస్తున్నాడట. ఎప్పుడూ మంచం మీదే ఉంటాడట, బయటికి రానంటాడట.

"ఇది కూడా అలాంటిదేనండీ. నాకు తెలుసు. పోలీసులకి ఫోన్ చేద్దాం" అంది ఒటీలియా.

"తుదోర్, నేను చదవొచ్చా?" అని కుర్రాణ్ణి అడిగి, వాడు తలూపాకే ఆవిడ చదవడం మొదలుపెట్టింది. చాలాసేపు చదివింది. మధ్యలో రెండుసార్లు నవ్వింది. ఒకచోట అద్దాలు తుడుచుకుంది.

"వీడికి స్పెల్లింగు బొత్తిగా రాదు" అంది చివరికి. "ఒకే మాట మూడు చోట్ల మూడు రకాలుగా రాశాడు. పెద్దవాడు పిల్లాడిలా రాయాలనుకుంటే ఒకే తప్పు పదేపదే చేస్తాడమ్మా. రకరకాల తప్పులు కావాలంటే నిజంగా పిల్లాడే అవ్వాలి. రహస్యం అడగలేదు, ఫోటో అడగలేదు. అడిగిందల్లా బ్లాజ్‌లో మంచు కరిగిందా అని. నాకైతే వీడు పిల్లాడే అనిపిస్తోంది. కానీ నేను గుమస్తాని టీచరనుకున్నదాన్ని. నా మాట మీద వదిలెయ్యకు. వాళ్ల అమ్మ నంబరు అడిగి నువ్వు మాట్లాడు."

తుదోర్ నంబరు అడిగి తెప్పించగానే ఒటీలియా అక్కడే, మా అందరి ముందే ఫోన్ చేసింది. అవతల నిజంగానే ఒక తల్లి ఎత్తింది. రారెష్‌కి పదకొండేళ్లు. తుంటికి ఆపరేషన్ అయి నాలుగు నెలలుగా మంచం మీద ఉన్నాడు. అటువైపు ఆమె కూడా ఈ తుదోర్ ఎవడోనని వారం రోజులుగా భయపడుతోందట. ఇద్దరు తల్లులూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు.

మే నెలలో ఒటీలియా కొడుకుని తీసుకుని సీబియు వెళ్లింది. తుదోర్ వెళ్లేసరికి రారెష్ కర్రల సాయంతో గుమ్మం దాకా నడిచి వచ్చాడట. ఆ ఫోటో ఇప్పుడు మా గ్రంథాలయంలో ఉంది. ఇద్దరు బక్కపలచని కుర్రాళ్లు, ఒకడి చేతిలో కర్రలు, ఇంకొకడి చేతిలో కేకు డబ్బా. ఊళ్లోకి ఎవరు కొత్తగా వచ్చినా వెతూరియా గారు పదకొండు మంది పిల్లల కథ చెప్పదు, వాళ్లని ఈ ఫోటో దగ్గరికి తీసుకెళ్తుంది.

"వీడు అసలువాడు" అంటుంది రారెష్ మీద వేలు పెట్టి. "నేనే చదివి చెప్పాను."